చిన్న సైనికుడికి కొత్త పంచె: మినియేచర్లను మార్చుకోవడానికి ఏ పుట్టీ ఎంచుకోవాలి?

బల్ల మీద ఆడే ఫాంటసీ యుద్ధక్రీడల కోసం కొన్న చిన్న బొమ్మను (మినియేచర్‌ను) పెట్టెలో వచ్చింది వచ్చినట్టుగా అతికించి రంగు వేసుకునేవారు కొందరు. దాని చేతిలోని గొడ్డలి కోసేసి శూలం అమర్చి, భుజాన గొంగడి కప్పి, డాలు మీద గండభేరుండాన్ని దిద్దితే తప్ప అది తమ సైన్యంలోనిదని ఒప్పుకోనివారు మరికొందరు. ఈ రెండో తెగలో చేరినవారికి మొదటి వారంలోనే ఎదురయ్యే చిక్కు ఏ పుట్టీ, అంటే బొమ్మ మీద దిద్దాక గట్టిపడే ముద్ద, కొనాలన్నది. పేరున్న పుట్టీలన్నీ విదేశాల నుంచి రావాలి, వందల రూపాయలు పెట్టాలి; హైదరాబాదులో రాణీగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా దొరికే ఎం-సీల్ మాత్రం పదుల రూపాయల్లో వస్తుంది. డబ్బు ఆదా చేస్తే పని పాడవుతుందా, పని బాగుండాలంటే డబ్బు పోయవలసిందేనా అన్న సందేహానికి నా అనుభవంలో తేలిన సమాధానం ఒకటుంది: బొమ్మ మీద ఏ వివరం చేయదలచుకున్నారో తేలితే పుట్టీ ఏదో దానంతట అదే తేలుతుంది. పుట్టీ ముందు కొనుక్కుని దానితో ఏం చేయాలా అని ఆలోచించినవారే ఎక్కువగా నష్టపోతారు.

ఈ పని మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్ల పొణికి కర్రలో తలా చేతులూ ఒళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. మనం వాడే ఎపాక్సీ పుట్టీ కూడా ఒక రకం మక్కే. కాకపోతే మన బొమ్మ అరికాలి నుంచి కంటి వరకు 28 మిల్లీమీటర్లే ఉంటుంది, దాని ముఖం నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. అంత చిన్న చోట పదార్థంలో ఉండే ప్రతి గుణమూ, ప్రతి లోపమూ పైకి కనిపిస్తుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది చేయబోయే వివరం స్వభావం. బట్ట, బొచ్చు, జుట్టు, తోలు పట్టీ, కండ, ముఖం మెత్తటి వివరాలు. వీటిని పుట్టీ పచ్చిగా ఉన్నప్పుడే నొక్కి, లాగి, నిమిరి తీర్చాలి. కత్తి అలుగు, కవచపు అంచు, చెక్కిన రాయి, యంత్రభాగం గట్టి వివరాలు; వీటి అందమంతా పదునైన అంచులో ఉంటుంది గనుక, పుట్టీతో ముతకగా రూపం పోసి, పూర్తిగా గట్టిపడ్డాక ఆకురాయితోనూ గరుకు కాగితంతోనూ అరగదీసి తీర్చాలి. పచ్చిగా ఉన్నప్పుడు చక్కగా లొంగే పుట్టీ గట్టిపడ్డాక అరగదీతకు లొంగకపోవడం, అరగదీతకు లొంగేది పచ్చిగా ఉన్నప్పుడు నలిగి చెదరడం ఈ పదార్థాలన్నిటిలో కనిపించే పేచీ. రెండు గుణాలూ ఒకే దానిలో పూర్తిగా దొరకవు.

తరువాత చూడవలసింది బొమ్మ దేనితో చేసిందన్నది. గట్టి ప్లాస్టిక్ బొమ్మలు పాలీస్టైరీన్‌తో చేసినవి. ఇవి సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడిపోతాయి కాబట్టి వీటిని ఓవెన్‌లో పెట్టే ప్రశ్నే లేదు. బోర్డు గేముల్లో వచ్చే మెత్తటి బొమ్మలు ఎక్కువగా పీవీసీవి; వాటిని ఆకురాయితో గీస్తే నునుపు రాదు, నూగు లేస్తుంది, అందుచేత కొత్త కత్తితో కోయడమే మేలు. తగరం కలిసిన తెల్లలోహపు బొమ్మలు వేడికి బెదరవు గాని బరువైన చేయి అతికించాలంటే లోపల తీగ దించాలి.

మూడోది హైదరాబాదు వాతావరణం. విదేశీ సలహాల్లో దీని ప్రస్తావన ఉండదు గనుక దీని గురించి కాస్త ఎక్కువగానే చెప్పుకోవాలి. ఎపాక్సీ పుట్టీ మట్టిలాగా ఆరి గట్టిపడేది కాదు. రెండు పదార్థాల మధ్య జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడుకలో ఉన్న మోటు లెక్క. దిద్దడానికి దొరుకుతుందని పొట్లం మీద రాసిన గంటన్నర సమయం చల్లని దేశపు గదికి వర్తిస్తుంది. మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటి, పై అంతస్తు ఫ్లాటులో స్లాబు కాలుతున్నప్పుడు అది అరగంటకు, ముప్పావుగంటకు దిగిపోతుంది. అదే పుట్టీ డిసెంబరు రాత్రి పొట్లం మీద రాసినదానికంటే ఎక్కువసేపే మెత్తగా ఉంటుంది. అందుకే నేను ముఖాల పని చలికాలానికి వాయిదా వేసుకుని, ఎండాకాలంలో పీఠాలు, రాళ్ళు, ముతక పనులు పెట్టుకుంటాను.

ఇక మిగిలింది పరిమాణం. పెసరగింజంత పుట్టీ చాలే పనికి ధర లెక్క చూడనవసరం లేదు. డ్రాగన్ మెడ కట్టాలంటే మాత్రం చూడాలి.

అసలు పుట్టీ అవసరమా?

తల మార్చడం, ఆయుధం మార్చడం, ఒక బొమ్మ చేయి తెచ్చి ఇంకో బొమ్మకు పెట్టడం వరకే మీ కోరికైతే, పదునైన కత్తి, చేతితో తిప్పే చిన్న బర్మా, ఒక మిల్లీమీటరు తీగ, తగిన జిగురు ఉంటే చాలు. పాలీస్టైరీన్‌కు ప్లాస్టిక్ సిమెంటు వాడాలి. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. లోహానికి, రెసిన్‌కు, పీవీసీకి ఆ సిమెంటు పట్టదు, వాటికి ఫెవిక్విక్ లాంటి సైనోయాక్రిలేట్ జిగురే గతి. వానాకాలపు తేమలో ఈ జిగురు చుట్టూ తెల్లటి బూడిదలాంటి పొర పేరుకుంటుంది. కొద్దిగా వాడి, గాలి ఆడేచోట పెడితే చాలావరకు తప్పించుకోవచ్చు. అతికిన చోట సందు మిగిలినప్పుడే పుట్టీ ప్రసక్తి వస్తుంది.

ఒకచోట చూసుకోవడానికి

దిగువ ఇచ్చిన సమయాలు సుమారు 25 డిగ్రీల గదికి వేసినవి.

| పదార్థం | దిద్దడానికి దొరికే సమయం | గట్టిపడ్డాక గుణం | బాగా వచ్చే పని | పెట్టుకోకూడని పని |
|---|---|---|---|---|
| గ్రీన్ స్టఫ్ | గంట నుంచి గంటన్నర | కొద్దిగా వంగుతుంది, అరగదీతకు లొంగదు | బట్ట, బొచ్చు, పట్టీలు, ముఖాలు | పదునైన అంచులు |
| మిల్లిపుట్ | సుమారు గంటన్నర | గట్టి, పల్చగా ఉంటే పెళుసు | కవచం, రాయి, సందులు పూడ్చడం | సన్నని పట్టీలు, తాళ్ళు |
| ఎం-సీల్ | గంటలోపు | గట్టి, కాస్త గరుకు | లోపలి ముద్ద, పీఠాలు | ముఖాలు, నగలు |
| పాలిమర్ క్లే | కాల్చేవరకు ఎంతసేపైనా | రకాన్ని బట్టి మారుతుంది | తీగ మీద మొత్తం బొమ్మ | ప్లాస్టిక్ బొమ్మ మీద నేరుగా |

గ్రీన్ స్టఫ్

దీని అసలు పేరు నీడటైట్. నీలం, పసుపు రంగుల పట్టీలుగా వస్తుంది. రెండింటినీ సమానంగా తీసుకుని చారలు లేకుండా ఆకుపచ్చగా మారేవరకు పిసికితే ఈ వాడుక పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. పసుపు రెసిన్, నీలం దాన్ని గట్టిపరిచేది. పసుపు పాలు కాస్త పెంచితే ముద్ద మెత్తగా, బంకగా ఉండి, గట్టిపడ్డాక ఎక్కువగా వంగుతుంది. నీలం పెంచితే బిరుసెక్కి అంచులు కొంచెం నిలుస్తాయి. ముఖానికి పసుపు ఎక్కువ, పట్టీకి సమపాళ్ళు, కొమ్ముకు నీలం ఎక్కువ అన్నది నా లెక్క.

రెండు రంగులూ పక్కపక్కనే ఆనుకుని ఉండే రకం పట్టీ కొంటే, అవి కలిసే గీత వెంట పుట్టీ పొట్లంలోనే గట్టిపడి ఉంటుంది. పిసికేముందు ఆ మధ్య గీతను రెండు మిల్లీమీటర్ల మేర కోసి పారేయాలి. లేకపోతే ఉప్మాలో ఉండల్లాగా గట్టి పలుకులు మిగిలిపోయి, సరిగ్గా ముక్కు దిద్దుతున్నప్పుడే పనిముట్టుకు తగులుతాయి. ఒకసారి నేను తెప్పించుకున్న పట్టీలో సగం అలాగే పలుకుగా మారి వచ్చింది; ఏ గోదాములో ఎన్ని వేసవులు గడిపిందో తెలియదు. అప్పటి నుంచి రంగులు విడివిడిగా ఉండే రకమే కొంటున్నాను, గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో దాస్తున్నాను. ఇడ్లీ పిండి ఉండే ఇంట్లో ఆ సంచి మీద పేరు పెద్ద అక్షరాలతో రాయడం మరచిపోకూడదు.

దీని గొప్పతనం సాగడంలో ఉంది. తడిపిన నున్నటి ప్లాస్టిక్ పలక మీద అప్పడంలా ఒత్తి, అరగంట బిగుసుకోనిచ్చి ఎత్తితే చిరగకుండా లేస్తుంది. దానిని బొమ్మ నడుముకు చుట్టి కుచ్చిళ్ళు పెట్టవచ్చు. మడతలు చేసేటప్పుడు అందరం చేసే పొరపాటు వాటిని సమాన దూరంలో గీతల్లా గీయడం. మడత ఎప్పుడూ బట్ట బిగిసిన చోట పుడుతుంది, వదులైన చోటికి జారుతుంది. మోకాలు ముందుకు వచ్చి ఉంటే అక్కడ నునుపుగా, తొడ పక్కన ఒత్తుగా ఉంటుంది. గోచీ పోసి పంచె కట్టినవారిని ఒకసారి నిలబెట్టి చూస్తే పాఠం అక్కర్లేదు. తోలు పట్టీలు కావాలంటే ఇదే రేకును చాలావరకు గట్టిపడనిచ్చి, ఇంకా వంగే గుణం ఉండగానే కొత్త బ్లేడుతో సన్నగా కోసి అతికించుకోవచ్చు. తాళ్ళు, పాములు, రాక్షసుల చేతుల్లాంటివి చేగోడీలు చేసినట్టు రెండు నున్నటి పలకల మధ్య దొర్లించి చేసుకుంటాం.

బొచ్చు కింది వరుస నుంచి పైకి, సరిగ్గా ఇంటి పెంకులు పరిచిన క్రమంలోనే రావాలి: కింది వరుస కుదురుకున్నాక పై వరుస దాని మీదికి వాలాలి. గొలుసు కవచానికి సూదిమొనతో వరుసలుగా గుచ్చుతూ, ప్రతి వరుసనూ పైదానికి సగం పక్కకు జరిపితే చూసే దూరానికి అది గొలుసులాగే కనిపిస్తుంది.

లోపం కూడా ఆ సాగుడులోనే ఉంది. పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఆ తరువాత కూడా ఆకురాయి వేస్తే నునుపు తేలదు. కత్తి అలుగును దీనితో చేయాలని పట్టుబట్టి నేను పోగొట్టుకున్న సాయంత్రాలు చాలానే ఉన్నాయి.

మిల్లిపుట్

ఇది వేల్స్‌లో తయారయ్యే పుట్టీ; రెండు కడ్డీలుగా వస్తుంది. పసుపు-బూడిద రంగులో ఉండే మామూలు రకం చౌక, తెల్లటి సూపర్‌ఫైన్ రకం మరింత నునుపు. మన పనికి రెండోదే తగినది. మూడు నాలుగు గంటల్లో రాయిలా మారుతుంది, ఆ తరువాత ఆకురాయికి, బర్మాకు, గరుకు కాగితానికి చక్కగా లొంగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు నీటిలో కరుగుతుంది గనుక, తడి కుంచెతో నిమిరితే అతుకు ఎక్కడుందో తెలియనంతగా కలిసిపోతుంది. బొమ్మ భుజం దగ్గర వెంట్రుకవాసి సందు మిగిలితే దీనిని నీళ్ళతో గంజిలా చేసి పూయడాన్ని మించిన ఉపాయం నాకు తెలియదు.

నీరు మితిమీరితే మాత్రం పైపొర పాలలా మారి, అప్పటిదాకా దిద్దిన వివరం కొట్టుకుపోతుంది. గ్రీన్ స్టఫ్ పట్టుకున్నట్టు ఇది బొమ్మను పట్టుకోదు కాబట్టి, అడుగును ముందుగా గీకి గరుకు చేయాలి. పల్చటి రేకుగా చేస్తే పటుక్కున విరుగుతుంది. ఆటలో వారానికోసారి చేతులు మారే బొమ్మకు దీనితో జెండా కట్టడం తెలివైన పని కాదు. అద్దాల బీరువాలో నిలిచే బొమ్మకు ఆ భయం లేదు. అమెరికాలో తయారయ్యే అపాక్సీ స్కల్ప్ట్ కూడా ఇంచుమించు ఈ జాతిదే, ఇంకా ఎక్కువ సమయం ఇస్తుంది. దొరికితే పెద్ద పనులకు బాగుంటుంది.

ఎం-సీల్

కారే గొట్టానికి వేసేదాన్ని బొమ్మకు వేయడమేమిటని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను, ఇదొక్కటే చాలని వాదించేవారితోనూ ఏకీభవించను. ఇది కూడా రెండు భాగాల ఎపాక్సీయే. లోహాన్ని బాగా పట్టుకుంటుంది, గట్టిపడ్డాక అరగదీతకు లొంగుతుంది, పొరుగు వీధిలో దొరుకుతుంది. దాని పలుకు ముతక. మిల్లీమీటరు కంటే చిన్న వివరం చేయబోతే ఆ గరుకుదనం రంగు కింద నుంచి కూడా కనిపిస్తుంది. పైగా త్వరగా బిగుస్తుంది, మే నెలలో పిసికి చేయి కడుక్కునేలోపే సగం బిరుసెక్కుతుంది. త్వరగా గట్టిపడే రకం కూడా ఒకటి అమ్ముతారు, దానిని మన పనికి అసలే కొనవద్దు.

దీని సరైన స్థానం తోలు కింద ఉండే ముద్ద. రాక్షసుడి పొట్ట, గుర్రం మెడ, గొంగడి కింది ఉబ్బు, పీఠం మీద బండరాళ్ళు దీనితో కట్టి, మరునాడు దాని మీద మిల్లీమీటరు మందాన మంచి పుట్టీ పరిస్తే, ఖరీదైన పుట్టీ పదోవంతు సరిపోతుంది. గోల్కొండ చుట్టుపక్కల కనిపించే గుండ్రటి గ్రానైటు గుండ్ల లాంటి పీఠానికైతే పై పొర కూడా అక్కర్లేదు, ఆ గరుకే అందం.

పాలిమర్ క్లే

ఇది పీవీసీ ఆధారిత మట్టి. ఓవెన్‌లో రకాన్ని బట్టి 110 నుంచి 130 డిగ్రీల దగ్గర కాల్చేవరకు గట్టిపడదు. వారం రోజులు కూర్చుని ముఖం దిద్దుకోవచ్చు. వేసవిలో గడియారంతో పోటీ లేకుండా పనిచేయనిచ్చేది ఇదొక్కటే, అయితే ఆ వేడిలో అతి మెత్తబడి వేలిముద్రలు పడతాయి గనుక మధ్య మధ్య ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. రాగి తీగతో అస్థిపంజరం కట్టి మొత్తం బొమ్మను మొదటి నుంచి చేసేవారికి ఇది సరైనది. కొన్న బొమ్మకు మార్పులు చేసేవారికి కాదు. తొలినాళ్ళలో నేను ప్లాస్టిక్ బొమ్మకు దీనితో గడ్డం పెట్టి తక్కువ వేడిలో కాస్తసేపే కదా అని ఓవెన్‌లో పెట్టాను. గడ్డం బ్రహ్మాండంగా వచ్చింది, దానిని మోయవలసిన మనిషి నడుము దగ్గర మడతపడి సాష్టాంగపడ్డాడు.

బజారులో దొరికే గాలికి ఆరే మట్టి గురించి ఒక్క మాట చాలు: ఆరేకొద్దీ కుంచించి పగులుతుంది, ఈ పరిమాణంలో వద్దు.

కలిపి వాడటం

గ్రీన్ స్టఫ్, మిల్లిపుట్ వేర్వేరుగా పిసికి, ఆ రెండు ముద్దలనూ సగం సగం కలిపితే, సాగుడు కొంత తగ్గి అరగదీతకు కొంత లొంగే మధ్యస్థమైన పుట్టీ వస్తుంది. కవచమూ బట్టా పక్కపక్కనే ఉండే బొమ్మకు నేను ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇదే. బట్ట పని ఎక్కువైతే ఆకుపచ్చను, కవచం ఎక్కువైతే తెలుపును పెంచుకోవచ్చు. ఎం-సీల్‌ను వీటిలో కలపడం నేను మానుకున్నాను. పలుకులు అంతటా పరుచుకుంటాయి.

పనిముట్లు, జాగ్రత్తలు

కోఠిలో శస్త్రచికిత్స సామగ్రి అమ్మే దుకాణాల్లో పంటి డాక్టర్లు మైనం చెక్కడానికి వాడే ఉక్కు పనిముట్టు అడిగి తెచ్చుకుంటే సగం పని జరిగిపోతుంది. సన్నని ఆకురాళ్ళు, నగల రంపం కంసాలి పనిముట్ల అంగళ్ళలో దొరుకుతాయి. ఉక్కు మొన గీతకు, గుచ్చడానికి మంచిది. సిలికాన్ మొన ఉన్న పనిముట్టు నునుపుకు మంచిది. ఒకటే కొనగలిగితే ఉక్కుదే కొనండి, నునుపుకు తడి కుంచె సరిపెట్టుకోవచ్చు. పనిముట్టుకు పుట్టీ అంటకుండా నీరు చాలు. కొబ్బరినూనె లేదా వ్యాసెలిన్ రాస్తే మరింత జారుతుంది గాని, ఆ జిడ్డును గిన్నెలు తోమే సబ్బుతో కడగకపోతే తరువాతి పొర పట్టదు, రంగూ పట్టదు.

ఎపాక్సీలోని గట్టిపరిచే భాగం కొందరి చర్మానికి పడదు, వాడేకొద్దీ ఆ ఎలర్జీ పెరగవచ్చు. మనం చేత్తో అన్నం తినేవాళ్ళం గనుక పిసికేటప్పుడు పల్చటి తొడుగులు వేసుకోవడం, గోళ్ళ సందులు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి. అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

ఎవరికి ఏది?

నలభై బొమ్మల దళాన్ని ఆటకు సిద్ధం చేసేవారు పుట్టీ మీద తక్కువ, తలలూ చేతులూ మార్చడం మీద ఎక్కువ ఆధారపడాలి. ఆటలో చేతి నుంచి చేతికి తిరిగే బొమ్మలకు గ్రీన్ స్టఫ్ చాలు, అది విరగదు. ఒక్క బొమ్మ మీద రెండు నెలలు గడిపి ప్రదర్శనకు పెట్టేవారికి సూపర్‌ఫైన్ మిల్లిపుట్, సగం సగం మిశ్రమం రెండూ ఉండాలి. అమీర్‌పేట హాస్టల్ గదిలో మంచం మీదే పనిచేసే కుర్రవాడికి అరగదీత దుమ్ము కుదరదు, ఓవెన్ అసలే లేదు. అతనికీ గ్రీన్ స్టఫే. పిల్లలతో కలిసి కూర్చునేవారు ఎపాక్సీని పక్కన పెట్టి పాలిమర్ క్లే తీసుకుని, కాల్చే పని మాత్రం పెద్దల చేతుల్లో ఉంచుకోవాలి.

ఇంకా ఎటూ తేల్చుకోలేనివారు ఒక చిన్న ఎం-సీల్ పొట్లం, ఒక చిన్న గ్రీన్ స్టఫ్ పట్టీ కొని, పాడైనా బాధపడని బొమ్మను ఒకటి తీసుకోండి. మొదటి సాయంత్రం దాని నడుము కింద కవచాన్ని కోసేసి, ఎం-సీల్‌తో తొడల ఆకారం కట్టి వదిలేయండి. రెండో సాయంత్రం దాన్ని కొద్దిగా గరుకు చేసి, గ్రీన్ స్టఫ్ రేకు పరిచి, ముందు కుచ్చిళ్ళు, వెనుక గోచీ పెట్టండి. మిగిలిన ముద్దను పారేయకుండా ఒక అట్టముక్కకు అంటించి, పక్కన తేదీ, కలిపిన వేళ రాసి ఉంచండి. బొమ్మను ముట్టుకోకుండా గంటకోసారి ఆ అట్టముక్క మీది ముద్దనే గోటితో నొక్కి చూస్తే, మీ గదిలో, ఆ నెలలో, ఆ పుట్టీ మీకు ఎంతసేపు సమయం ఇస్తుందో లెక్క తేలుతుంది.